మత్తుమందు - మూగజీవి - మూత్రపిండం

శస్త్రచికిత్స బల్లపై రోగి మత్తుమందు పీల్చి నిశ్చింతగా నిద్రిస్తాడు. అతనికంటె ముందు ఆ నిద్ర పోయినవి ప్రయోగశాలలోని మూగజీవులు. వాటి సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? తెలుగు బోధించే నాకు వైద్యం పరాయి శాస్త్రమే అయినా, ఈ ప్రశ్న ప్రతి విద్యార్థికీ సంబంధించినదని నా అభిప్రాయం.

దీనికి మన తెలుగుగడ్డ మీదనే ఒక చరిత్ర ఉన్నది. క్లోరోఫారం వలన ముందు ఆగేది గుండెయా, శ్వాసయా అని తేల్చుటకు 1888, 1889 సంవత్సరాలలో హైదరాబాదులో రెండు కమిషన్లు పనిచేశాయి. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం ధనమిచ్చింది. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పూనికతో కుక్కలపైన, కోతులపైన ప్రయోగాలు జరిగాయి. శ్వాసే ముందు ఆగుతుందని, దానిని కనిపెట్టి ఉంటే చాలునని వారు తీర్మానించారు. కాని 1911లో ఇంగ్లండులో గుడ్‌మన్ లెవీ, తేలిక మత్తులో ఉన్న పిల్లుల గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగిపోవచ్చునని నిరూపించాడు. కుక్కలు, కోతులు అబద్ధం చెప్పలేదు; వాటి సాక్ష్యాన్ని మనిషి తొందరపడి చదివాడు.

మూత్రపిండాల కథ కూడ ఇట్టిదే. 1960లో వాడుకలోకి వచ్చిన మెథాక్సీఫ్లూరేన్ అనే మత్తుమందు కొందరు రోగుల మూత్రపిండాలను దెబ్బతీస్తున్నదని 1966లో వెల్లడైంది. మూత్రాన్ని చిక్కబరచే శక్తి నశించి, పలుచని మూత్రం ధారాళంగా పోయేది. ఫిషర్ 344 అనే వంశపు ఎలుకలలో ఇదే లక్షణం కనిపించగా, మరికొన్ని వంశాల ఎలుకలు తట్టుకున్నాయి. ఆ మందు శరీరంలో విచ్ఛిన్నమై ఫ్లోరైడును ఎక్కువగా విడుదల చేసిన ఎలుకలకే హాని కలిగింది. ఆ తట్టుకున్న ఎలుకలను మాత్రమే పరీక్షించి ఉంటే, మందు నిరపాయమని తీర్పు వచ్చేది కాదా? తరువాత వచ్చిన సెవోఫ్లూరేన్ విషయం ఇందుకు విపర్యం. మత్తుయంత్రంలో దాని నుండి పుట్టే 'కాంపౌండ్ ఎ' ఎలుకల మూత్రపిండాలను చెరచింది. మనుషులలో అట్టి హాని స్పష్టపడలేదు. ఆ మందు నేటికీ వాడుకలోనే ఉన్నది.

కావున 'జంతువుపై రుజువైంది' అన్న మాట విన్నప్పుడు, ఏ జంతువు, ఎంత మోతాదు, ఏమి వెదికారు అని అడగడం విద్యార్థి ధర్మం. తిరుపతి వైద్య కళాశాలలో చేరాలని కలలుగనే చిత్తూరు సీమ విద్యార్థులకు ఇది మరీ ముఖ్యం. హైదరాబాదు ప్రయోగాలను తలచి గర్విద్దాం. ఆ తీర్మానం తప్పిందని చెప్పుటకు వెనుదీయవద్దు. ప్రాణమిచ్చిన మూగజీవికి మనం చెల్లించగల ఋణం ఒక్కటే - దాని సాక్ష్యాన్ని తప్పుగా చదవకుండుట.