సంతకం వచ్చిన తరువాత?

మాలూరు తాలూకా టేకల్ ప్రాంతపు పల్లెల్లో ఎన్నో కుటుంబాలకు ఇంటి భాష తెలుగు, ప్రభుత్వ కాగితం భాష కన్నడం. 2000 దశకం ఆరంభంలో కర్ణాటక ప్రభుత్వం ‘భూమి’ పథకం కింద పహణీలను కంప్యూటరుకు ఎక్కించినప్పుడు, గ్రామ లెక్కాధికారి చేతివ్రాత కోసం కాచుకునే అవస్థ తప్పిందని రైతులు సంతోషించారు. సంతోషించదగినదే. కాని అచ్చయిన పహణీ చేతికి వచ్చినా, అందులోని సర్వే నెంబరు, విస్తీర్ణం, ఋణభారం తానుగా చదువుకోలేని రైతుకు దళారి మారాడే గాని దళారి అవసరం తీరలేదు.

వయోజన విద్యను గురించి మాట్లాడేవారు ఈ పహణీని ఎదుట పెట్టుకోవాలి. 2011 జనగణన ప్రకారం కోలారు జిల్లా అక్షరాస్యత 74 శాతం, స్త్రీలలో సుమారు 67 శాతం. సంతకం చేయగలిగినా నోటీసు చదవలేని వారు ఎందరో ఈ లెక్క చెప్పదు.

1951–52 తొలి సాధారణ ఎన్నికల్లో అక్షరజ్ఞానం లేదని ఎవరికీ ఓటు నిరాకరించలేదు. పెట్టెలపై గుర్తులు అంటించి ఓటు వేయించారు. రాజ్యాంగకర్తల నిర్ణయం సరైనదే. చదువు ఓటుకు అర్హత కాదు, కారాదు. అయితే ఓటుకు ఓటుకు మధ్య ఐదేళ్లు పాలన సాగేది కాగితం మీదనే. కర్ణాటక పంచాయతీల్లో సగం స్థానాలు స్త్రీలవి. తీర్మానం చదవకుండా సంతకం చేయవలసిన సభ్యురాలి స్థానంలో భర్త పాలిస్తే ఆశ్చర్యమేమి?

వయోజన విద్యాకేంద్రం ఏమి చేయగలదో పొరుగు రాష్ట్రం చూపింది. 1990 దశకం తొలి సంవత్సరాల్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడులకు వచ్చిన స్త్రీలు సారా వల్ల ఇల్లు గుల్లయ్యే సంగతిని పాఠంగా చదివి, తమ ఇళ్ల సంగతి చెప్పుకున్నారు. దూబగుంటలో రోశమ్మ వంటివారు ముందు నిలిచి సారా దుకాణం మూయించారు. ఊరూరా ఆ మంట పాకి 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. (1995 నాటి సంపూర్ణ మద్యనిషేధం 1997లోనే సడలిపోయింది, అది వేరే కథ.) అక్కడ పని చేసింది పలక ఒక్కటే కాదు, పగలు కూలికి పోయే స్త్రీలు రాత్రి కూర్చుండి మాట్లాడుకొనే చోటు.

ఆ చోటునే మన పథకాలు నిలుపుకోలేకపోయాయి. 2009లో ఆరంభమైన సాక్షర భారత్ గ్రామ పంచాయతీకి ఒక లోకశిక్షా కేంద్రాన్ని, నెలకు రెండువేల రూపాయల గౌరవవేతనంతో ప్రేరకులను తలపెట్టింది. 2018 మార్చితో పథకం ముగిసింది. 2022లో వచ్చిన నవభారత సాక్షరతా కార్యక్రమం స్వచ్ఛంద సేవకుల మీద, మొబైల్ యాప్ మీద ఆధారపడుతుంది. పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇవ్వడం తప్పు కాదు. అయితే ధ్రువపత్రం పొందిన మనిషి మరునాడు ఏమి చదవాలి, ఎక్కడ కూర్చుండి చదవాలి?

మన సరిహద్దు జిల్లాలో భాష చిక్కు కూడా కలదు. తెలుగు మాట్లాడే పెద్దలకు మొదటి రోజే కన్నడ వాచకం చేతికిస్తే బెదరుతారు. తెలుగే నేర్పి వదిలితే తాలూకా కచేరీలో పనికిరాదు. రెండు లిపులూ అక్కచెల్లెళ్లు కనుక ఒకటి పట్టుబడితే రెండవది కొద్ది శ్రమతోనే వస్తుంది. చర్చ తెలుగులో, చదువు కన్నడంలో సాగించవచ్చును. ఇందుకు రెండు భాషలూ ఎరిగిన బోధకుడు కావాలి. అటువంటివారికి ఈ జిల్లాలో కరవు లేదు.

కొత్త భవనాలూ అక్కరలేదు. కర్ణాటక గ్రామ పంచాయతీ గ్రంథాలయాలు నేడు ‘అరివు కేంద్రాలు’గా ఉన్నాయి. సాయంత్రం పాలు పోసి వచ్చిన తరువాత ఒక గంట వాటిని పెద్దలకు తెరవాలి. వాచకంతో పాటు పహణీ, డెయిరీ వారిచ్చే కొవ్వు శాతపు చీటీ, పంచాయతీ ఖర్చుల పట్టిక బల్లమీద ఉండాలి. 2018లో కె.సి. వ్యాలీ శుద్ధిజలం కోలారు చెరువుల్లోకి వచ్చి నరసాపురం చెరువులో నురుగు లేచినప్పుడు, ఆ నీటి పరీక్షా నివేదికలో ఏముందో ఆయకట్టు రైతుకు చదివి చెప్పే చోటు ఊళ్లో ఎక్కడ ఉండినది?