నిరీక్షణకు లభించే వేతనం

అమెరికాలో స్థిరపడిన మా అన్నగారి కుమారుడు ఈమధ్య నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "బాబాయ్, ఒకటి రెండు డాలర్ల షేర్లను కొని, అదే దినం అమ్ముతున్నాను. కొన్న ధరకే అమ్మినా ఎక్స్ఛేంజి రిబేటు నాకు అందుతోంది. ఎవరినీ వంచించడం లేదు. ఉద్యోగం విడిచి దీనినే వృత్తిగా స్వీకరిస్తే దోషమేమిటి?"

ప్రశ్న సహేతుకమైనదే. అయితే సమాధానానికి పూర్వం విషయస్వరూపాన్ని గ్రహించాలి. విపణిలో ఒక ధరను ప్రకటించి నిరీక్షించేవాడు ఒకడు, ఆ ధరను తక్షణం స్వీకరించేవాడు మరొకడు. అమెరికాలోని అనేక ఎక్స్ఛేంజీలు రెండవవాని వద్ద రుసుము గ్రహించి, అందులో అధికభాగాన్ని మొదటివాని పక్షానికి రిబేటుగా ఇస్తాయి. 2005లో ఎస్ఈసీ ఆమోదించిన నిబంధనలు ఈ రుసుముకు షేరుకు 0.30 సెంటు గరిష్ఠ పరిమితిని విధించాయి. డాలరు లోపు షేర్లకు మాత్రం ఆ పరిమితి ధరలో 0.3 శాతం. రిబేటు షేర్ల సంఖ్యను అనుసరించేదే గాని ధరను అనుసరించేది కాదు. కనుకనే స్వల్ప మూలధనం గలవాడు డాలరుకు కొంచెం పైనున్న షేర్లను ఆశ్రయిస్తాడు.

నిరీక్షణ నిజంగా సేవయే. అమ్మదలచినవాడు వచ్చే సమయానికి కొనేవాడు సిద్ధంగా ఉండడం ఉపకారం. ఉపకారానికి మూల్యం స్వీకరించడం అధర్మం కాదు. ఇంతవరకు మా అబ్బాయి వాదం నిర్దుష్టమే.

కాని తాను లేకపోతే లోటు ఏర్పడినప్పుడే అది సేవ అనిపించుకుంటుంది. డాలరు, అంతకు పైబడిన షేర్లకు ఇంతవరకు కనిష్ఠ ధరభేదం ఒక సెంటు. అల్పధర షేర్లలో స్ప్రెడ్ సాధారణంగా ఆ సెంటు వద్దనే నిలిచి ఉంటుంది. అంతకంటె మేలైన ధర చూపడానికి అవకాశం లేనందువల్ల అందరూ ఒకే ధర వద్ద వరుస కడతారు. లక్షల షేర్ల వరుసలో చివర నిలిచినవాడు వెళ్లిపోతే ఎవరికీ తెలియదు. అక్కడ జరిగేది స్థానం కోసం పోటీ. ఆ పోటీలో మానవుని వేగం యంత్రవేగానికి సాటిరాదు.

ఇంతకంటె గంభీరమైన విషయం మరొకటి ఉంది. వరుస చివరనున్నవాని ఆర్డరు ఎప్పుడు నెరవేరుతుంది? ముందున్న వారందరి షేర్లు హరించుకుపోయినప్పుడు, అనగా ధర పతనానికి సిద్ధంగా ఉన్నప్పుడు. కోరినది లభించకపోవడం ఒక దుఃఖం. కోరదగని క్షణంలోనే కోరినది లభించడం ఈ వృత్తిలోని దుఃఖం.

లెక్క చూద్దాం. రెండు డాలర్ల షేర్లు పదివేలు కొన్నాడనుకుందాం. షేరుకు 0.20 సెంటు చొప్పున రిబేటు 20 డాలర్లు. ధర ఒక సెంటు తగ్గితే నష్టం 100 డాలర్లు. భయపడి ఉన్న ధరకు అమ్మివేస్తే 0.30 సెంటు చొప్పున మరి 30 డాలర్ల రుసుము. బ్రోకరు కమిషన్ కలపకుండానే నికరనష్టం 110 డాలర్లు. రజ్జువును సర్పమని భ్రమించడం మనకు తెలిసిన దృష్టాంతం. ఇక్కడ భ్రాంతి విపరీతమైనది. నష్టభయాన్ని మోసినందుకు లభించే వేతనాన్ని భయమే లేని లాభమని భావించడం సర్పాన్ని రజ్జువుగా పట్టుకోవడమే.

పైగా ఆ వేతనమూ శాశ్వతం కాదు. రుసుము పరిమితిని 0.10 సెంటుకు తగ్గించే సవరణను 2024 సెప్టెంబరులో ఎస్ఈసీ ఆమోదించింది. రుసుము తగ్గితే దాని నుండి పుట్టే రిబేటు నిలుస్తుందా?

స్వదేశంలోని యువకులకూ ఒక మాట. ఇక్కడ ఈ రిబేటు ఆశ కూడా లేదు, పైగా అమ్మకంపై లావాదేవీల పన్ను ఉంది. 2024 జులైలో సెబీ వెలువరించిన అధ్యయనం ప్రకారం 2022-23లో షేర్ల ఇంట్రాడే వ్యాపారం చేసిన వ్యక్తులలో 71 శాతం మంది నష్టపోయారు. ఏడాదిలో 500కు మించి లావాదేవీలు జరిపినవారిలో అది 80 శాతం. అభ్యాసం అధికమైనకొద్దీ నష్టం అధికమైతే, దానిని విద్య అనగలమా?

మా అబ్బాయికి నేను చెప్పినది ఇంతే. "నాయనా, ఇది పాపమని నేననను. ఉద్యోగం విడువక ముందు మూడు నెలల లెక్క వ్రాయి. రిబేటు, స్ప్రెడ్, నష్టం, కమిషన్ వేరువేరు వరుసలలో ఉండాలి. రిబేటు వరుస కొట్టివేసి మొత్తం చూడు."

వారం దినాల తరువాత ఫోన్ చేశాడు. ఇంతకాలం రిబేటు వరుస ఒక్కటే చూసుకున్నాడట. మిగిలిన మూడింటిని కలిపిననాడు రాత్రి నిద్రపట్టలేదన్నాడు. ఆ నిద్రలేమి శుభసూచకమని నా అభిప్రాయం. ధనార్జన మార్గమేదైనా, ఇష్టమైన వరుసను మాత్రమే చదివే దృష్టిని విడిచిపెట్టడమే వివేకానికి ప్రథమ సోపానం.