పగ కథలో కడపటి పర్వము

శంషాబాదు మండలము నర్కూడ గ్రామ పరిధిలోని అమ్మపల్లి రామాలయము పదమూడవ శతాబ్దము నాటిదని ప్రతీతి. ఎత్తయిన రాజగోపురము, మెట్లు దిగిన కోనేరు, చుట్టును మండపములు గల ఆ తావు తెలుగు చిత్రసీమకు చిరకాలముగా ఆటపట్టు. అచ్చట ఒక్క సన్నివేశమైనను తీసినచో సినిమా నిలబడునను నమ్మకము నిర్మాతలలో నేటికిని బలముగా నున్నది. ఆ మండలముననే, విమానాశ్రయమునకు దారితీయు బాహ్యవలయ రహదారిపై, తొండుపల్లి టోల్‌గేటు కలదు. 2019 నవంబరు 27 రాత్రి ఆ టోల్‌గేటు చెంత ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారము జరిపి ఆమెను హత్యచేసిన ఘోరమును తెలుగువారు మరువలేదు, మరువరాదు. డిసెంబరు 6 వేకువను షాద్‌నగర్ సమీపమున చటాన్‌పల్లి వద్ద నిందితులు నలుగురును పోలీసు తూటాలకు నేలకొరిగిరి. ఆ ఉదయమే జనము వంతెనపై నిలిచి పోలీసులపై పూలు చల్లిరి, బాణసంచా కాల్చిరి, మిఠాయిలు పంచుకొనిరి.

సాహిత్యపత్రిక ఈ విషయమును ఏల చేపట్టవలెనని పాఠకులడుగవచ్చును. ఆ పూలు మనకు క్రొత్తవి కావు. నాయకుడు ప్రతినాయకుని కడతేర్చిన క్షణమున సినిమాహాలులో గాలిలోనికెగురు కాగితపు ముక్కలవి. సినిమాయే ఆ ఉదయమును సృష్టించినదని మేమనము. కాని ఆ ఉదయమున జనము పొందిన తృప్తికి మాటలను, భంగిమను సమకూర్చి పెట్టినది మన పగ సినిమాయే యని చెప్పుటకు సంకోచింపము. కూతురిని పోగొట్టుకొనిన తల్లిదండ్రుల దుఃఖము వేరు. వారికి ఆనాడు కొంత ఊరట కలిగినచో దానిని తప్పుపట్టు అధికారము ఎవ్వరికిని లేదు. మా ప్రశ్న చప్పట్లు కొట్టిన తక్కినవారిని గూర్చినది.

అదే సంవత్సరము మే 31న 'ఫలక్‌నుమా దాస్' విడుదలయ్యెను. హైదరాబాదు నగరపు దక్షిణదిశనున్న ఆ పేరిటి పేటను కథాస్థలముగా గైకొని, విశ్వక్ సేన్ తానే నాయకుడై తానే దర్శకత్వము వహించిన చిత్రమది. 2017లో లిజో జోస్ పెల్లిసెరి మలయాళమున తీసిన 'అంగమలి డైరీస్' దానికి మాతృక. బూతుమాటలు దండిగా నున్నవని కొందరు నొచ్చుకొనిరి. మాకు మాత్రము అందులో నచ్చినదొకటి కలదు. కొట్టిన దెబ్బ అందులో ఊరక పోదు. ఒక ప్రాణము పోయిన వెనుక కేసు వచ్చును, పరారి వచ్చును, రాజీకై పైకపు వెదకులాట వచ్చును, ఇంటివారి కంటికి నిదుర లేకుండ పోవును. పిడికిలి బిగించిన కుఱ్ఱవాడు భయపడుట కూడ మనము చూతుము. తన ముఖమునే తెరనిండ నింపుకొనగల అవకాశమున్న దర్శకుడు ఆ భయమును దాచకుండుట మెచ్చదగినది. పవన్ కల్యాణ్ 2003లో తానే దర్శకుడై నటించిన 'జానీ' ఆడలేదు గాని, అందలి నాయకుడు బరిలోనికి దిగుట భార్య ప్రాణము నిలుపుకొనుటకే. ఆ మాత్రపు గౌరవము దానికి దక్కవలసియున్నది.

నటుడే దర్శకుడగుటలోని చిక్కు ఇచ్చటనే యున్నది. సెట్టుపై 'కట్' అను అధికారము దర్శకునిది. నటుడు ఆగ్రహములో మునిగినప్పుడు, ఈ దెబ్బ చాలును, ఇంక ఆపుమని చెప్పువాడతడే. ఆ ఇరువురును ఒక్కడే యైనచో, షాటు ముగిసిన పిదప మానిటరు ముందు కూర్చుండి తన కోపమును తానే తూచుకొనవలెను. ఫైట్ మాస్టరు గాని, ఛాయాగ్రాహకుడు గాని నాయకునితో వలదని చెప్పుట అరుదు. చటాన్‌పల్లిలో జరిగినదియు ఈ తీరుదే. పట్టినవారు, నేరము నిర్ణయించినవారు, దండించినవారు ఒక్కరే యైరి. నడుమ నిలిచి వలదనువాడు లేకపోయెను. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ వి. ఎస్. సిర్పూర్కర్ కమిషను నివేదిక 2022 మే మాసమున వెలువడినది. చంపు ఉద్దేశముతోనే కాల్పులు జరిగినవనియు, పోలీసులు చెప్పిన ఎదురుకాల్పుల కథ నమ్మదగినది గాదనియు, మృతులలో ముగ్గురు ఆనాటికి మైనరులనియు అది తేల్చినది. పదిమంది పోలీసులను హత్యానేరము క్రింద విచారింపవలెనని సిఫారసు చేసినది. నిందితులే లేకపోవుటచేత ఆ యువతికి జరిగిన ఘోరముపై న్యాయస్థానములో సాక్ష్యము నడువలేదు, తీర్పు వెలువడలేదు. పగ తీరినదనుకొన్న చోట న్యాయమునకు కలిగిన నష్టమిది.

ఈ సందర్భమున 1966 నాటి 'శ్రీకృష్ణపాండవీయము'ను తలచుకొనవలెను. ఎన్.టి. రామారావు దర్శకుడు, కృష్ణుడును తానే, దుర్యోధనుడును తానే. ఆ చిత్రమునకు మొదలు శకుని పగ. చెఱలో పెట్టబడిన గాంధార రాజకుటుంబము, ఒక్కడైనను బ్రతికి పగ తీర్పవలెనని తమకిచ్చిన పిడికెడు మెతుకులను శకునికే పెట్టి కన్నుమూయుట, తండ్రి యెముకలు పాచికలగుట, ఇంతకంటె కఠోరమైన పగ కథ తెలుగు తెరపై అరుదు. ఆ శకుని పాత్రను ధూళిపాళకు అప్పగించి, దర్శకుడైన నాయకనటుడు ఆ పగకు గురియగు దుర్యోధనుని వేషము తాను ధరించెను. ఎంత యోచనగల నిర్ణయము! పగ తీర్చుకొనువాని కన్నుతోపాటు పగకు బలియగువాని కన్నును ప్రేక్షకునికి లభించినది. పదునొకండేండ్లకు, 1977 సంక్రాంతికి వచ్చిన 'దానవీరశూరకర్ణ'లో కృష్ణ కర్ణ దుర్యోధన పాత్రలు మూడును తానే ధరించి ఆ మార్గమునే మఱింత ముందునకు కొనిపోయెను. అది తన తారాబలమును చాటుకొనుటయే యనువారున్నారు. ఆ మాటలో నిజము లేకపోలేదు. అయినను పగవాని నోట అంతటి గంభీరమైన వాక్కు పలికించినవాడు పగవానిని మనిషిగా ఎంచినవాడే.

2024లో దేవ్ పటేల్ తానే నాయకుడై తొలిసారి దర్శకత్వము వహించిన 'మంకీ మ్యాన్' విదేశములలో విడుదలైనది. భారతదేశపు థియేటర్లకు రాలేదు. మన తెనాలిలో పుట్టిన శోభిత ధూళిపాళ అందులో నటించినది. తల్లి చెప్పిన హనుమంతుని కథను గుండెలో దాచుకొన్న కొడుకు ఆమెను చంపినవారిపై తీర్చుకొను పగ అది. గాయపడిన నాయకుని హిజ్రాలు ఆదరించి నిలబెట్టు ఘట్టములు హృద్యములు. కడపటి పోరాటములో మాత్రము పిడిగుద్దుల నడుమ ఆ తల్లి దుఃఖము చెదరిపోయినది.

మహాభారతములో పగ సౌప్తికపర్వముతో పరాకాష్ఠ నందుకొన్నది. అశ్వత్థామ నిద్రించువారిని వధించెను. తండ్రికి బదులు తీర్చితిననుకొనెను. వ్యాసుడచ్చట కథను ఆపలేదు, తిక్కనయు ఆపలేదు. వెంటనే స్త్రీపర్వమున్నది, గెలిచినవారును గాంధారి యెదుట తలవంచి నిలువవలసివచ్చినది. పోతన భాగవతములో, ఆ వధలో ఐదుగురు కొడుకులను పోగొట్టుకొనిన ద్రౌపది, బంధించి తెచ్చిన అశ్వత్థామను విడువుమనినది. తనవలె అతని తల్లియు ఏడువరాదని ఆమె వాదము. కత్తి చేతికందిన వేళ ఆ మాట అనగలిగిన తల్లిని సృష్టించిన వాఙ్మయము మనది. మన పగ సినిమాలు సౌప్తికముననే తెర దించి జనమును ఇంటికి పంపుచున్నవి.

రేపు పగ కథ తీయబూను యువ నట దర్శకులకు మా విన్నపమిది. కలము పట్టుటకు ముందు తిక్కన స్త్రీపర్వమును, సిర్పూర్కర్ నివేదికను చదువుడు. అటుపిమ్మట ప్రతినాయకుని తల్లికొక సన్నివేశము వ్రాయుడు. దానిని తీయునాడు మీరు కెమెరా ముందునకు రాక, వెనుకనే నిలిచి ఆమెను కడదాక చూడుడు.