బేస్‌బోర్డులు పీకెయ్యడం అంత అర్జెంటా?

అమెరికాలో పాత ఇల్లు కొన్న మనవాళ్ళలో చాలామందికి ఓ జబ్బుంది. గోడల అడుగున ఉండే చెక్క పట్టీలు, అవే బేస్‌బోర్డులు, కాస్త రంగు వెలిస్తే చాలు, "మొత్తం పీకించేద్దాం" అంటారు. ఆఫీసులో పాత కోడ్ చూడగానే "రీరైట్ చేసేద్దాం" అనే బాపతే ఇదీనూ!

అసలు పోయిందేమిటండీ? రంగు. చెక్క కాదు. పాత ఇళ్ళలో చాలావరకూ అసలు సిసలు చెక్కే ఉంటుంది. దాన్ని పీకి మీరు పెట్టించేది ఎక్కువగా ఎండీఎఫ్. ఒక్కసారి డిష్‌వాషర్ లీకయి తడిస్తే ఉబ్బిపోతుంది, ఇక మళ్ళీ మామూలు కాదు. పైగా పీకేటప్పుడు గోడ పెచ్చులూడితే ఆ మరమ్మతు అదనం.

అలాగని ఉప్పుకాగితం పట్టుకుని ఎగబడకండి. ఇళ్ళ రంగుల్లో సీసాన్ని అమెరికా నిషేధించింది 1978లో. అంతకుముందు కట్టిన ఇల్లయితే ముందు టెస్టు చేయించండి. ఆ దుమ్ము పసిపిల్లలకి విషం. గీకినా లేస్తుంది, పీకినా లేస్తుంది. సీసం ఉందని తేలితే ఆ పని తెలిసినవాళ్ళకే వదిలెయ్యండి.

చెక్క కుళ్ళిందా, చెద పట్టిందా, మార్చండి. లేదంటే మేకు బొక్కల్లో పుట్టీ పెట్టి, ప్రైమర్ కొట్టి, రెండు కోటింగులు వెయ్యండి. పనిచేస్తున్నదాన్ని పారెయ్యడం దర్జా అనుకుంటారేమో గానీ, ఇంజినీరింగ్ మాత్రం కాదు!