స్టీరింగు ముందు నిద్ర

గత నెలలో ఒకనాడు నరసన్నపేట సమీపంలోని ఒక మస్జిదులో ఫజ్ర్ నమాజు చేయించాము. సలాం చెప్పి వెనుదిరిగి చూస్తే, చివరి వరుసలో ఒక యువకుడు సజ్దాలోనే ఉండిపోయాడు. ఎంతటి భక్తి అనుకున్నాము. దగ్గరకు వెళితే గురక వినిపించింది.

లేపి విచారించాము. భీమవరం నుండి హౌరాకు చేపలు తీసుకుపోతున్న లారీ డ్రైవరతడు. “నిన్న పగలంతా లోడింగు దగ్గరే నిలబడ్డాను హజ్రత్. రాత్రి బయలుదేరాను. ఐసు కరిగేలోగా చేరాలి” అన్నాడు.

ఇచ్ఛాపురం మీదుగా సాగే 16వ నెంబరు జాతీయ రహదారిపై ప్రమాదం జరిగితే, ‘డ్రైవరు నిద్రమత్తు’ అని పత్రికలు రాస్తాయి. ఆ మత్తు ఎక్కడినుండి వచ్చిందో ఎవరూ అడగరు. లోడింగు కోసం వేచిన గంటలను యజమాని విశ్రాంతిగా లెక్కిస్తాడు. శరీరం అలా లెక్కించదు. పగలు క్యాబిను పెనంలా కాలుతుంటే కన్ను మూతపడదు. ట్రిప్పు లెక్కన కూలి గనుక ఆగిన గంట నష్టమే. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం సాధారణంగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని అని నిర్దేశించింది. నేషనల్ పర్మిట్ లారీకి ఇద్దరు డ్రైవర్లుండాలన్న నిబంధనను మాత్రం 2018లో తొలగించారు. ఈ యువకునికి తోడుగా క్లీనరు కూడా లేడు.

ఖైబర్ నుండి తిరిగివస్తూ ప్రవక్త (స) రాత్రంతా ప్రయాణించారు. నిద్ర ముంచుకురాగా బిడారును ఆపి, మేల్కొని ఉండే బాధ్యత హజ్రత్ బిలాల్ (రజి)కు అప్పగించారు. ఆయన నమాజులు చేస్తూ కూర్చున్నారు. తెల్లవారబోతుండగా ఒంటెకు ఆనుకున్నారు, అంతే. అందరినీ లేపింది సూర్యుని వేడిమి. ఈ ఉదంతం సహీహ్ ముస్లింలో ఉంది. బిలాల్ (రజి) అంతటివారినే ఓడించిన నిద్రను టీతో, ఖైనీతో ఆపగలమని మన యజమానుల నమ్మకం!

రాత్రి మజిలీ చేసేటప్పుడు దారి మీద ఆగవద్దని కూడా ప్రవక్త (స) బోధించారు. యువకుని లారీ రోడ్డు అంచునే ఉంది. ముందు దాన్ని మస్జిదు పక్కనున్న ఖాళీ స్థలంలోకి తెప్పించాము.

మన పాఠకులలో లారీ యజమానులు, సరుకు పంపే వ్యాపారులు ఉన్నారు. “ఎక్కడిదాకా వచ్చావు?” అని ఫోను చేసేముందు “ఎప్పుడు పడుకున్నావు?” అని అడగండి. గడువు నిర్ణయించినవారికి ఆ ప్రాణంలో పూచీ లేదని మేము అనలేము.

అతడు వరండాలో రెండు గంటలు నిద్రపోయాడు. ఈలోగా అతని ఫోను ఏడుసార్లు మోగింది. మేము లేపలేదు.