గేమ్ ఖతమ్ కాదు, వక్త్ ఖతమ్ అవుతుంది

వీడియో గేముల గురించి మన ఇళ్ళల్లో బహస్ మొదలైతే రెండే రెండు సవాళ్ళు వస్తాయి. ఇది జాయిజా, నాజాయిజా? అందులో అంత ఖూన్ ఖరాబా ఎందుకు? రెండూ అడగాల్సినవే. మొదటిదానికి జవాబు చెప్పడానికి ఆలిములున్నారు, ఆ పనికి నేను దిగను. మూడో సవాల్ ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ అడగరు. ఈ గేమ్ ఎంత పొడుగు? ఎప్పుడు ఖతమ్ అవుతుంది?

నేను మాట్లాడేది 'అసాసిన్స్ క్రీడ్' అనే సిల్‌సిలా గురించి. యూబీసాఫ్ట్ అనే ఫ్రాన్స్ కంపెనీది. 2007లో మొదటిది వచ్చింది. 2025లో జపాన్ మీద తీసిన 'షాడోస్' వచ్చేసరికి పెద్ద గేములే 14 అయ్యాయి. నేను ఆడతాను, షౌఖ్‌గా ఆడతాను, దానికి నాకు శరమ్ లేదు.

మన పిల్లల్ని ఇది ఇంత గట్టిగా పట్టుకోవడానికి వజా ఉంది. మొదటి గేమ్ జరిగేది 1191లో, మూడో సలీబీ జంగ్ రోజుల్లో. సలాహుద్దీన్ అయ్యూబీ బైతుల్ ముఖద్దస్‌ను తిరిగి గెలుచుకుని అప్పటికి నాలుగేళ్ళు. మనం తిరిగే పెద్ద షహర్లు మూడు: దమిష్క్, బైతుల్ ముఖద్దస్, అక్కా. హీరో పేరు అల్తాయిర్ ఇబ్న్ లా అహద్. ఉర్దూ చెవిన పడ్డ ఇంట్లో దీనికి తర్జుమా అక్కర్లేదు. తాయిర్ అంటే పరిందా. ఇబ్న్ లా అహద్ అంటే ఎవరి కొడుకూ కానివాడు. అతని ఉస్తాద్‌ను అందరూ అల్ ముఅల్లిమ్ అని పిలుస్తారు. సినిమాల్లో మన పేరు పెట్టుకున్నవాడు బాంబు పెట్టేవాడే అయి ఉంటాడని అలవాటుపడ్డ పిల్లవాడు, ఇక్కడ హీరోకే అలాంటి పేరు ఉండటం చూసి నిలబడిపోతాడు. నిలబడిపోడా మరి?

మా అమ్మీ ఒకసారి తస్బీహ్ తిప్పుకుంటూ హాల్లోంచి పోతూ టీవీలో ఖుబ్బతుస్సఖ్రా గుంబద్ చూసింది. "యే తో బైతుల్ ముఖద్దస్ హై నా?" అని కూర్చుంది. పది నిమిషాలు చూసి, "వీడు అన్ని గోడలెక్కుతాడేంది, ఆ ఊర్లో దర్వాజాలు లేవా?" అని లేచి పోయింది. ఈ గేమ్ మీద ఇంతకంటే మంచి తన్‌ఖీద్ నేను ఇంకెక్కడా వినలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ మొదటి గేమ్‌లో 420 జెండాలు దాచిపెట్టారు. గల్లీల్లో, మిద్దెల మీద, మూలమూలల్లో. అన్నీ ఏరితే ఏమొస్తుంది? కథలో ఏమీ రాదు. అవి ఎలా వచ్చాయో ఆ గేమ్ మీద పనిచేసిన చార్లెస్ రాండల్ అనే ప్రోగ్రామర్ 2020లో బయటపెట్టాడు. గేమ్ అంతా తయారయ్యాక కంపెనీ పెద్దసాబ్ కొడుకు ఆడి, బోర్ కొడుతోంది, చేయడానికి ఏమీ లేదు అన్నాడట. అంతే. ఐదు రోజుల్లో పక్క పనులన్నీ తయారుచేసి అందులో కుక్కారు. ఒక పిల్లవాడి బోరుకు ఐదు రోజుల్లో వేసిన అతుకు అది. ఎంతోమంది పిల్లలు తర్వాత ఏళ్ళ తరబడి ఆ అతుకుల్నే ఏరుతూ కూర్చున్నారు.

ఇన్సాఫ్‌గా ఇంకో మాట కూడా చెప్పాలి. 2009లో వచ్చిన రెండో గేమ్‌లోనూ ఏరడానికి 100 ఈకలు పెట్టారు. కానీ వాటి వెనుక ఒక దర్ద్ ఉంది. హీరో ఎజియో తమ్ముడు చిన్నపిల్లవాడు, బీమారీతో ఇంట్లోనే ఉంటాడు, ఈకలు పోగుచేసుకుంటాడు. ఆ పిల్లవాణ్ణి, తండ్రిని, పెద్దన్నను ఒకేసారి ఉరి తీస్తారు. ఆ గమ్‌లో తల్లికి మాట పడిపోతుంది. ఎజియో ఒక్కో ఈక తెచ్చి ఆమె దగ్గరున్న పెట్టెలో వేస్తాడు. నూరో ఈక వేశాక ఆ తల్లి నోరు విప్పుతుంది. ఈకలు ఏరడం, జెండాలు ఏరడం చేతికి ఒకే పని. దిల్‌కు ఒకటి కాదు. ఈ సిల్‌సిలా మొత్తంలో నాకు ఖటకేది ఇదే. తర్వాత తర్వాత జెండాలు పెరిగాయి, ఈకలు తగ్గాయి.

2017లో మిస్ర్ మీద 'ఆరిజిన్స్', 2018లో యూనాన్ మీద 'ఒడిస్సీ', 2020లో ఇంగ్లండ్ మీద 'వల్‌హల్లా'. ఒక్కొక్కటి పోయినదానికంటే పెద్దది. వల్‌హల్లా అసలు కథ ఒక్కటే ఆడితే సుమారు 60 గంటలు. నక్షా మీద ఉన్న ప్రతి నిషానీ దగ్గరికీ పోతే వంద దాటి ఇంకా చాలా దూరం. రోజుకు గంట చొప్పున అయినా కథకే రెండు నెలలు.

పిల్లవాడు కంట్రోలర్ ఎందుకు కింద పెట్టలేడో పెద్దలు ఒకసారి పక్కన కూర్చుని చూడాలి. హీరో ఒక ఊరికి చేరగానే ఎత్తైన బురుజో గుంబదో ఎక్కుతాడు. పైనుంచి చుట్టూ చూస్తాడు. అప్పటిదాకా మసక మసకగా ఉన్న నక్షా తెరుచుకుంటుంది, దాని నిండా నిషానీలు మొలుస్తాయి. ఇక్కడ ఖజానా పెట్టె, అక్కడ ఎవరికో మదద్ కావాలి, ఆ కొండ వెనుక ఇంకేదో. ఒక్కోదానికి ఐదు నిమిషాలు. కాబట్టి "ఐదే నిమిషాలు అమ్మీ" అన్నప్పుడు పిల్లవాడు ఝూట్ చెప్పడం లేదు. నిజంగా ఐదే నిమిషాలు. కాకపోతే ఆ ఐదు నిమిషాల పక్కన ఇంకో ఐదు నిమిషాలు కనపడుతూ ఉంటాయి. క్రికెట్ మ్యాచ్‌కు ఆఖరి బంతి ఉంటుంది, సినిమాకు ఆఖరి రీలు ఉంటుంది. ఇందులో లేవమని చెప్పే జగా లేదు.

అన్నింటికంటే కోపమొచ్చేది దుకాణం. ఒడిస్సీలో, వల్‌హల్లాలో 'టైమ్ సేవర్' అనే పేరుతో కొన్ని చీజులు అమ్మారు. పైసలు కడితే హీరో త్వరగా తరక్కీ అవుతాడు, నక్షాలు తెరుచుకుంటాయి. అంటే, ముందు గేమ్ నిండా పనులు కుక్కేది వీళ్ళే. ఆ పనుల్లో నీ వక్త్ పోతుంది, తగ్గించుకోవాలంటే పైసలివ్వు అనేదీ వీళ్ళే. మన బజార్లో ఎవడైనా బిర్యానీలో రాళ్ళు కలిపి, రాళ్ళు ఏరి పెట్టడానికి వేరే రేటు చెబితే ఊరుకుంటామా?

పొడుగు ఉండటమే ఐబ్ అని నేననను. మన బుజుర్గుల దాస్తాన్లు పొడుగైనవి కాదా? లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్ అచ్చేసిన 'దాస్తాన్-ఎ-అమీర్ హమ్జా' 46 జిల్దులు. అయ్యారులు, జాదూగర్లు, తిలిస్మ్ లోపల ఇంకో తిలిస్మ్. ఇప్పటి ఏ గేమ్ కూడా దాని ముందు చిన్నదే. కానీ దాస్తాన్‌గో చుట్టూ పది మంది కూర్చునేవాళ్ళు. అతనికి గొంతు ఆరిపోయేది, దీపంలో నూనె అయిపోయేది, మహఫిల్ లేచేది. మర్నాడు టీ కొట్టు దగ్గర ఆ కథ మీదే మాటలు. మన పిల్లవాడు చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని తలుపేసుకుని ఒక్కడే ఉంటాడు. లేపేవాడు లేడు, మర్నాడు అడిగేవాడూ లేడు.

అడగకపోవడం వల్ల నుక్సాన్ నిద్ర దగ్గరే ఆగదు. మా భాయిజాన్ కొడుకు ఇంటర్ సెకండియర్. గేమ్‌లో చూసిన కాతిలుల జమాత్ అచ్చం అలాగే ఉండేదని, వాళ్ళ నినాదం కూడా అదేనని వాడు చాలా రోజులు నమ్మాడు. నేను కూర్చోబెట్టి చెప్పాను. బేటా, అసలు వాళ్ళు నిజారీ ఇస్మాయిలీలు. హసన్ సబ్బాహ్ 1090లో ఈరాన్‌లో అలమూత్ ఖిల్లాను పట్టుకున్నాడు. షామ్‌లో మస్యాఫ్ ఖిల్లా నుంచి రషీదుద్దీన్ సినాన్ నడిపాడు. వాళ్ళు సలాహుద్దీన్ మీద కూడా హమ్లా చేశారు, ఆయన బతికి బయటపడ్డాడు. గేమ్‌లో వినపడే నినాదం ఏ ముసల్మాన్ అఖీదా కాదు, అది వ్లాదిమిర్ బార్తోల్ అనే స్లొవేనియా రచయిత 1938లో రాసిన 'అలమూత్' నవల దారిలో వచ్చింది. భంగు తాగించి బాగుల్లో పడుకోబెట్టేవారనే కథ మార్కో పోలో పేరు మీద యూరప్‌లో పాకిపోయిన కిస్సా. ఆ ఖిల్లాల్లో కితాబుల ఖజానాలుండేవి. నసీరుద్దీన్ తూసీ అంతటి సితారాల ఆలిమ్ మంగోలులు 1256లో అలమూత్‌ను పడగొట్టేదాకా వాళ్ళ దగ్గరే ఉన్నాడు. ఆగా ఖాన్‌ను ఇమామ్‌గా మానే ఇస్మాయిలీలు ఇవాళ మన మధ్యే దుకాణాలు నడుపుకుంటూ, పిల్లల్ని బడికి పంపుకుంటూ ఉన్నారు.

వాడు అంతా విని, "చాచా, మరి తూసీ గేమ్‌లో ఎందుకు లేడు?" అన్నాడు. మంచి సవాల్. ఆ సాయంత్రం కంట్రోలర్ ముట్టుకోకుండా తూసీ మీద చదివాడు. దీన్ని నేను గేమ్ చేసిన మంచి అనను, చెడు అనీ అనను. గేమ్ దర్వాజా దాకా తీసుకుపోతుంది. లోపలికి ఎవరో ఒకరు చెయ్యిపట్టి తీసుకుపోవాలి, లేకపోతే వాడు మళ్ళీ గోడే ఎక్కుతాడు.

భాయిజాన్ మాత్రం రెండు నెలల కింద కంట్రోలర్‌ను బీరువాలో పెట్టి తాళం వేశారు. అప్పట్నుంచి దస్తర్‌ఖాన్ దగ్గర బాప్ బేటాల మధ్య సలాం, ఉప్పు గిన్నె తప్ప వేరే మాట లేదు. భాయిజాన్ ఫిక్ర్ నాకు తెలుసు. మార్చిలో ఇమ్తెహాన్, ఫజర్‌కు లేవని కొడుకు. అయినా తాళం మీద నాకు భరోసా లేదు. గేమ్ బీరువాలో ఉంటే వాడు అదే గేమ్ వేరేవాళ్ళు ఆడుతుంటే ఫోన్‌లో చూస్తున్నాడు. ఆడితే చేతులకైనా పని ఉండేది.

భాయిజాన్‌తో నేనన్నది ఇది. ఇమ్తెహాన్ అయ్యేదాకా వద్దనండి, బరాబర్. తర్వాత హాల్లో పెట్టండి, పడక గదిలో కాదు. మొదట 2023లో వచ్చిన 'మిరాజ్' ఇవ్వండి. అది 15, 20 గంటల్లో అయిపోతుంది. జరిగేది 861 నాటి బగ్దాద్‌లో. ఖలీఫా మన్సూర్ 762లో పునాది వేసిన గోల్ షహర్, కర్ఖ్ బజార్లు, బైతుల్ హిక్మా. ఆ గోల్ షహర్ ఇవాళ నేల మీద ఒక్క ఇటుక కూడా మిగల్లేదు. పాత కితాబుల్లో రాసి ఉన్నదాన్ని పట్టుకుని మళ్ళీ కట్టారు. గేమ్ మొత్తం అరబీలో వినొచ్చు, పిల్లల చేత అదే పెట్టించండి. మన ఉర్దూలో ఉన్న లఫ్జులు ఎన్ని అందులో దొరుకుతాయో లెక్కపెట్టడం వాళ్ళకు వేరే ఆట. షహర్ గురించి, ఇల్మ్ గురించి చదువుకునే చిన్న చిన్న పేజీలు కూడా లోపలే ఉన్నాయి. ఒక్క హోషియారీ మాత్రం కావాలి. అందులో ఖలీఫా ముతవక్కిల్ ఖతల్‌ను కథ హీరో బాసిమ్ చుట్టూ తిప్పుతుంది. తారీఖ్‌లో ఆ ఖతల్ సామర్రాలో ఆయన తుర్కీ సిపాయిల చేతిలో జరిగింది, కొడుకు ముంతసిర్ పేరు కూడా ఆ సాజిష్‌లో వినపడుతుంది. అది తండ్రే చెప్పాలి. చెప్పాలంటే తండ్రి కూడా కాస్త చదవాలి, నిజమే.

భతీజాతో నేనన్నది వేరు. కథ చూడు, నక్షా వదిలెయ్. వాడికి ఇది అస్సలు నచ్చలేదు. "100 శాతం చేయకపోతే ఆడినట్టే కాదు చాచా" అన్నాడు. ఎవరు చెప్పారు ఆ మాట? ఆ శాతం లెక్క కట్టింది కంపెనీ. ఒక షహర్‌కు పోయొచ్చినవాడు అక్కడి గల్లీలన్నీ తిరిగాడా అని మనమెప్పుడైనా అడుగుతామా? నా వల్‌హల్లాలో కథ అయిపోయింది, సగం ఇంగ్లండ్ నిషానీలతో అలాగే మెరుస్తోంది. మెరవనీ. వాడు నా స్క్రీన్ చూసి, బొద్దింక పడ్డ చాయ్ కప్పు చూసినట్టు మొహం పెట్టాడు.

చిన్నపిల్లలున్న ఇళ్ళవాళ్ళకు ఇంకో మాట. ఈ గేముల డబ్బా మీద 18 అని ఊరికే రాయలేదు. కానీ ఆరిజిన్స్‌కు 2018లో 'డిస్కవరీ టూర్' అని వేరే దర్వాజా పెట్టారు. కత్తి లేదు, ఖూన్ లేదు. ఇస్కందరియాలో, అహ్రామ్‌ల దగ్గర నడుచుకుంటూ పోతుంటే గొంతు వివరిస్తుంది. అలాంటి సైర్లు 75 ఉన్నాయి. ఒట్టి సైర్‌కు మా తొమ్మిదేళ్ళ బిటియా మొదట ఒప్పుకోలేదు, ఒంటె ఎక్కనిస్తారంటే కూర్చుంది. ఒక్కో సైర్ కాసేపటికి దానంతటదే ఖతమ్ అవుతుంది. మమ్మీలు ఎలా తయారుచేసేవారో చూసి, ఛీ అని, రిమోట్ నాకిచ్చి బయట ఆడుకోవడానికి పోయింది.