కాసులపేరు కరిగిన కాలం

1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ల బజారు కుప్పకూలి వందేళ్లు కావస్తోంది. ఆ ఊరు ఎక్కడుందో తెలియని కృష్ణా, గోదావరి డెల్టాల రైతుకు ఆ సంగతి కళ్లంలోనే తెలిసింది. రెండేళ్లు తిరిగేసరికి ధాన్యం ధర దాదాపు సగానికి పడిపోయింది. శిస్తు దిగిరాకపోగా, రీసెటిల్మెంటు (శిస్తు సవరణ) పేరిట రూపాయికి మూడణాలు పెంచడానికి సర్కారు పూనుకుంది. పది బస్తాలమ్మితే తీరే శిస్తుకు ఇరవై బస్తాలు తోలవలసి వచ్చింది. చాలని సొమ్ము ఇంటి ఇల్లాలి మెడలోంచి వచ్చింది. 1931 సెప్టెంబరులో బ్రిటన్ స్వర్ణ ప్రమాణాన్ని వదిలేశాక పసిడి ధర పెరిగింది. తల్లి తర్వాత కూతురి మెడలో పడవలసిన కాసులపేరు తరుగు పోను తూకానికి అమ్ముడై, మూసలో కరిగి, కడ్డీగా బొంబాయి రేవు దాటిపోయింది.

ఆ కష్టంలోంచే రైతు రాజకీయాల్లోకి నడిచివచ్చాడు. రైతు నాయకులు ఎన్.జి. రంగా వంటివారు ఊరూరా తిరిగి శిస్తు తగ్గించమని సభలు పెట్టారు. 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా సాగిన రైతు యాత్ర జమీందార్ల గుండెల్లో రైళ్లు పరిగెత్తించింది. అంతకుముందే 1937 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలోని 215 స్థానాల్లో 159 కాంగ్రెస్ గెలుచుకోగా, ఏళ్లతరబడి ఏలిన జస్టిస్ పార్టీ తుడిచిపెట్టుకుపోయింది. కాడి పట్టిన చేతులు ప్రభుత్వాన్ని మార్చిన ఆ ఘట్టం తలచుకుంటే నేటికీ ఛాతీ ఉప్పొంగుతుంది.

అదే మాంద్యం రంగూన్ రేవులో మరో ముఖం చూపించింది. పొట్ట చేతపట్టుకుని కోరంగి, విశాఖ తీరాల నుంచి ఓడలెక్కిన మన తెలుగు కూలీలు 1930 మే నెలలో కూలి పెంచమని సమ్మెకట్టారు. ఓడల కంట్రాక్టర్లు బర్మా కూలీలను దింపారు. సమ్మె తీరగానే వాళ్లను పొమ్మన్నారు. ఆకలిగొన్నవాడు ఆకలిగొన్నవాడిపైనే కత్తి ఎత్తిన ఆ అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. కంట్రాక్టర్లకు చిన్న గాయమైనా తగిలినట్టు లేదు. రేపు ఏ దేశంలో పనులు కరువైనా వలస వెళ్లినవాడి గుమ్మం ముందుకే కోపం ముందుగా వస్తుందన్న భయం, ఇంటికొకరు పరదేశంలో ఉన్న మనకు ఉండవలసిందే.

ఇక్కడ మద్రాసులో గద్దెనెక్కిన రాజాజీ కాంగ్రెస్ మంత్రివర్గం 1938లో తెచ్చిన రుణ విముక్తి చట్టం పాత బాకీల వడ్డీలు కొట్టేసింది. ఎన్నో కుటుంబాలు ఊపిరి పీల్చుకున్నాయి. కాని భూమిపై ఏదో ఒక హక్కున్నవాణ్నే చట్టం వ్యవసాయదారుడంది. సెంటు భూమి లేని కూలీ ఆ లెక్కలోకి రాలేదు. 1948లో జమీందారీల రద్దు చట్టమూ వచ్చింది. దున్నేవాడి పేరు మాత్రం కాగితం మీదికి పూర్తిగా ఎక్కలేదు. 2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు లేక కోనసీమ రైతులు నాట్లే మానేసి పంట విరామం ప్రకటించినప్పుడు, పాత కళ్లాలు గుర్తుకొచ్చాయి. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు కార్డు రావాలన్నా యజమాని సంతకం పెట్టాలి. ఆ సంతకం కోసం ఈ తొలకరికీ ఎవరో ఒకరు చెప్పులు బయట విడిచి, చేతిలో కాగితంతో ఆసామి అరుగు దగ్గర నిలబడే ఉంటారు.